మీకు తెలుసా? ఫ్లీస్ గుడ్డ మన కుట్టుమిషను ఎక్కితే...

మన కోస్తా గొర్రెకు కత్తిరించి వడకడానికి పనికొచ్చే ఉన్ని ఉండదని మీకు తెలుసా? నెల్లూరు జాతి గొర్రె ఒంటి మీద ఉండేవి పొట్టి వెంట్రుకలే. దక్కనీ గొర్రె ఉన్నితో తెలంగాణలో గొంగళ్లు నేశారు. గోదావరి లంకల్లో ఆ పనికి చోటే లేదు. చలికి మన అమ్మమ్మల దగ్గరున్న మందు బొంత ఒక్కటే. మెత్తబడ్డ నూలు చీరలు నాలుగైదు ఒకదాని మీద ఒకటి పరిచి, సూదీదారంతో బారుగా కుట్లు వేసి, చుట్టూ ఓ రంగు గుడ్డ తిప్పితే అయిపోయేది. జనవరి తెల్లవారుజామున 20 డిగ్రీలకు అటూ ఇటూ ఉండే మన చలికి అది చాలు కూడా.

అయినా ఇవాళ కోనసీమలో అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు చాలా ఇళ్లలో బీరువా తెరిస్తే మెత్తగా నూగున్న గుడ్డ ఏదో ఒకటి చేతికి తగులుతుంది. పిల్లల టోపీ జాకెట్టు, రైలు ప్రయాణానికి కొన్న పల్చటి రగ్గు, కువైట్ నుంచి పెద్దమ్మ తెచ్చిన గులాబీల దుప్పటి. ఇవన్నీ ఫ్లీస్, లేదంటే దాని దగ్గరి చుట్టాలు. పాతబడ్డాక వీటిని ఏం చేయాలో తెలియక అటక మీదికి తోసేస్తాం. కుట్టుపని కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇంతకన్నా సులువైన గుడ్డ దొరకదని మాత్రం ఎవరూ చెప్పరు.

*

ఫ్లీస్‌లో గొర్రె బొచ్చు వీసమెత్తు కూడా ఉండదు. అది పాలిస్టర్. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు పెట్రోలియం సరుకు నుంచి రాబట్టిన దారం దీని మూలం. ఆ దారంతో వచ్చిన బట్టనే మన పెద్దవాళ్లు ‘టెర్లిన్’ అన్నారు. ఇస్త్రీ చెడదు, ఉతికిన గంటలో ఆరుతుంది అని మురిసిపోయి చొక్కాలు కుట్టించుకున్నారు. మే నెలలో ఆ చొక్కా ఒంటికి అంటుకుపోయి పెట్టిన బాధ అనుభవించినవాళ్లకే తెలుసు. చెమట పీల్చుకోకపోవడం ఎండాకాలపు చొక్కాకు శాపమైంది. చలికాలపు కోటుకు అదే వరమైంది. నూలు తన బరువులో దాదాపు 8 శాతం తేమను గాలి నుంచే లాక్కుంటుంది. పాలిస్టర్ అర శాతం కూడా లాక్కోదు. అందుకే తడిసినా త్వరగా ఆరుతుంది, తడిగా ఉన్నప్పుడు కూడా కొంత వెచ్చదనం నిలుపుకుంటుంది.

ఆ దారాన్ని మగ్గం మీద నేయరు, బనియన్ గుడ్డలా అల్లుతారు. తర్వాత సన్నటి తీగ పళ్లున్న రోలర్ల మీద నడిపిస్తే పైన ఉన్న దారపు ఉంగరాలు తెగి నూగు లేస్తుంది. ఎగుడుదిగుళ్లు లేకుండా బ్లేడుతో సమం చేస్తారు. ఆ నూగులో గాలి చిక్కుకుని కదలకుండా ఉండిపోతుంది. వెచ్చగా ఉంచేది ఆ గాలే. ఎవరెస్టు ఎక్కేవాళ్లు కూడా ఫ్లీస్‌ను పైకోటుగా కాదు, లోచొక్కాకీ పైకోటుకీ మధ్య పొరగా వేసుకుంటారు.

దీన్నిబట్టి మన మోటారుసైకిలు రాయుళ్లు తెలుసుకోవాల్సింది ఒకటుంది. డిసెంబరులో తెల్లవారకముందే దిండి–చించినాడ వంతెన దాటి పాలకొల్లు వెళ్లేవాళ్లు ఫ్లీస్ జాకెట్టు వేసుకుని కూడా వణుకుతారు. జాకెట్టు నాసిరకం అయ్యుండదు. వసిష్ఠ గోదావరి మీది ఎదురుగాలి ఆ అల్లిక సందుల్లోంచి దూరి లోపలి వెచ్చటి గాలిని తోసేస్తుంది. పైన పల్చటి రెయిన్‌కోటు ఒకటి తగిలించండి, అదే జాకెట్టు మరోలా పనిచేస్తుంది.

*

1995ని కోనసీమ అంత తేలిగ్గా మరిచిపోదు. జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి ఎగదన్ని అంటుకుంది. 65 రోజులు మండింది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆ హోరును, రాత్రిళ్లు ఆకాశంలో ఆ ఎరుపును ఇప్పటికీ చెప్పుకుంటారు.

అదే ఏడాది డిసెంబరు 11 రాత్రి అమెరికాలో, మసాచుసెట్స్ రాష్ట్రంలో ఇంకో మంట లేచింది. తగలబడింది మాల్డెన్ మిల్స్. 1979లో ఇవాళ్టి ఫ్లీస్ మొదట తయారైంది ఆ మిల్లులోనే. యజమాని ఆరన్ ఫాయర్‌స్టీన్‌కు ఆ రోజే 70 నిండాయి. బీమా డబ్బు తీసుకుని విశ్రాంతిగా కూర్చోవచ్చు, లేదా కూలి తక్కువగా ఉండే దేశానికి మిల్లును తరలించవచ్చు. అప్పట్లో అందరూ చేస్తున్నది అదే. ఆయన అక్కడే మళ్లీ కట్టిస్తానన్నాడు. అంతవరకు పని లేక కూర్చున్న కార్మికులకు నెలల తరబడి జీతాలిచ్చాడు. పత్రికలు ఆకాశానికెత్తాయి. 2001 వచ్చేసరికి కంపెనీ అప్పుల్లో మునిగి దివాలా పిటిషన్ వేసింది. మంచితనం వల్లే మునిగాడని కొందరు తేల్చేశారు. కట్టడానికి చేసిన అప్పూ, చవక సరుకుతో పోటీ కూడా ఉన్నాయి కదా, మంచితనమే ముంచిందన్న మాట ఒప్పుకోబుద్ధి కాదు నాకు.

ఇంకో సంగతి. ఆయన ఈ గుడ్డకు పేటెంటు తీసుకోలేదు. అందుకే ప్రపంచంలో ఎవరైనా తయారుచేసుకోగలిగారు. మన దేశంలో హర్యానాలోని పానిపట్టు ఒకప్పుడు పాత ఉన్ని బట్టలు చింపి, మళ్లీ వడికి కంబళ్లు నేసిన ఊరు. ఇప్పుడక్కడి మిల్లుల్లో పోలార్ ఫ్లీస్, మింక్ దుప్పట్లు గుట్టలుగా తయారవుతున్నాయి. చలికాలంలో మన ఊళ్లలో రోడ్డు పక్కన పరిచి అమ్మే చవక రగ్గుల్లో చాలావాటి పుట్టిల్లు అదే.

*

కొనేటప్పుడు ఉత్త ‘ఫ్లీస్’ అని అడిగితే ఒక్కోసారి వేరే గుడ్డ చేతికొస్తుంది. తిరుప్పూరు వ్యాపారుల లెక్కలో ఫ్లీస్ అంటే స్వెట్‌షర్టులు కుట్టే నూలు అల్లిక గుడ్డ కూడా. దానికి లోపలివైపు మాత్రమే నూగుంటుంది. మనకు కావాల్సినదాన్ని ‘పోలార్ ఫ్లీస్’ అని అడగాలి. మీటరు తీసుకునేముందు ఒక మూల బొటనవేలితో గట్టిగా పదిసార్లు రుద్ది చూడండి. అప్పుడే చిన్న ఉండలు కడితే ఆ సరుకు రెండు ఉతుకులకే చూడ్డానికి అసహ్యంగా తయారవుతుంది. అడ్డంగా లాగి వదిలినా మళ్లీ యథాస్థానానికి రావాలి. రాకపోతే మోచేతుల దగ్గర, మోకాళ్ల దగ్గర సంచుల్లా వేలాడుతుంది.

*

కువైట్ దుప్పటి సంగతి విడిగా చెప్పుకోవాలి. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు గల్ఫ్ వెళ్లినవాళ్లు లేని వీధి అరుదు. వాళ్లు తెచ్చిన బరువైన దుప్పట్లు, పులిబొమ్మవి, నెమలిబొమ్మవి, పెద్ద పెద్ద గులాబీలవి, జిప్పు సంచిలోంచి కూడా తీయకుండా ఏళ్ల తరబడి దాచినవాళ్లున్నారు. ఎవరైనా చుట్టాలు వస్తే మాత్రం బయటికి వస్తాయి. అవి ఎక్కువగా మింక్ రకం. ఫ్లీస్‌కు రెండు వైపులా పొట్టి నూగుంటుంది, తేలిగ్గా ఉంటుంది. మింక్‌కు పైన పట్టులా జారే పొడుగు నూగు, వెనక గట్టి అల్లిక. బరువు చూస్తేనే తెలిసిపోతుంది.

పాత మింక్ దుప్పటిని ఏదైనా కుట్టడానికి కోయదలిస్తే కత్తెర పట్టుకుని పైనుంచి తెగ్గోయకండి. గది నిండా నూగు ఎగురుతుంది, అంచు బోడిగా మిగులుతుంది. దుప్పటిని బోర్లా తిప్పి, వెనకవైపు గీత గీసుకుని, బ్లేడుతో వెనక అల్లిక వరకే కోసి మెల్లగా విడదీయాలి. అప్పుడు పైనూగు తెగకుండా రెండు వైపులకూ విడిపోతుంది. ఫ్యాను ఆపేయండి. ముక్కుకి గుడ్డ కట్టుకోండి. కోసిన ముక్కల్ని ఆరుబయట ఒకసారి గట్టిగా దులిపాకే మిషను దగ్గరికి తేవాలి. ఒక్క దుప్పటిలో నాలుగు దిండు గలీబులు, రెండు కాళ్లపట్టాలు, వీల్‌చెయిర్‌లో కూర్చునే తాతగారికి ఒక మెత్త, పిల్లల ఆటబొమ్మలు అన్నీ వస్తాయి. ఫ్లీస్‌కి ఈ తతంగమేమీ లేదు. మామూలు కత్తెర చాలు, పదును మాత్రం ఉండాలి.

*

ఫ్లీస్ అంచు పీచులు పీచులుగా విడిపోదని మీకు తెలుసా? బండారులంక చేనేత చీరైనా, మిల్లు పాప్లిన్ అయినా కోసిన చోట దారాలు ఊడొస్తాయి. అందుకే మడిచి కుట్టడం, ఓవర్‌లాక్ కొట్టించడం. ఫ్లీస్ అల్లిన గుడ్డ, పైగా నూగు ఒకదానికొకటి పెనవేసుకుని ఉంటుంది. కోసింది కోసినట్టే ఉంటుంది. మడత అక్కర్లేదు. అసలు ఒక్క కుట్టు కూడా వేయకుండా దుప్పటి చేయొచ్చు.

ఒకటిన్నర మీటర్ల ముక్కలు రెండు తీసుకోండి. ఒకటి రంగుది, ఇంకోటి బొమ్మలది అయితే అందం. వెనకవైపులు లోపలికి వచ్చేలా ఒకదాని మీద ఒకటి పరచండి. నాలుగు మూలలా 5 అంగుళాల చదరం కోసి తీసేయండి. తర్వాత చుట్టూ 5 అంగుళాల లోతుకి, ఒక్కో అంగుళం వెడల్పున రెండు పొరలూ కలిపి కత్తిరిస్తూ వెళ్తే జాలరులా పట్టీలు వేలాడతాయి. పై పట్టీని కింది పట్టీతో కలిపి ముడేయాలి. మరీ బిగించి లాగితే దుప్పటి అంచు పడవలా పైకి లేస్తుంది, కనుక మెత్తగా వేయండి. పదేళ్ల పిల్లలు కూడా ఒక ఆదివారం మధ్యాహ్నంలో పూర్తిచేయగలరు. అమెరికాలో ఆస్పత్రుల్లో ఉన్న పిల్లలకు దుప్పట్లు కుట్టి ఇచ్చే ప్రాజెక్ట్ లైనస్ అనే స్వచ్ఛంద సంస్థ ఉంది. అదీ 1995 డిసెంబరులోనే మొదలైంది. వాళ్లకందే దుప్పట్లలో ఈ ముడుల రకమూ ఉంటుంది.

*

ఇక మిషను దగ్గరికి వద్దాం. ఫ్లీస్‌తో మొదటిసారి మిషను ముందు కూర్చున్నవాళ్లు చెప్పే ఫిర్యాదు ఒకటే: కుట్టు వదిలేస్తోంది. నాలుగు కుట్లు పడతాయి, ఐదోది ఎగిరిపోతుంది. చాలాసార్లు తప్పు సూదిది. మామూలు సూది మొన దారాన్ని పొడుచుకుని పోతుంది. అల్లిన గుడ్డకు మొన గుండ్రంగా ఉండి దారాలను పక్కకు జరుపుకుంటూ వెళ్లే బాల్‌పాయింట్ సూది కావాలి. టైలరింగు సామాన్ల కొట్లో ‘బనియన్ గుడ్డ సూది, 14 నంబరు’ అని అడగండి. మందపాటి ఫ్లీస్‌కి, నాలుగు పొరలు కలిసే చోటికి 16.

తర్వాత కుట్టు పొడవు. బ్లౌజుకి పెట్టే చిన్న కుట్టు ఇక్కడ పెడితే గుడ్డ అలలు అలలుగా సాగి ఊరుకుంటుంది. 3 నుంచి 3.5 మిల్లీమీటర్లకు పెంచండి. ఫుట్ కడ్డీ మీద, మిషను తల పైన ఉండే స్క్రూ రెండు చుట్లు వదులు చేస్తే ఒత్తిడి తగ్గి గుడ్డ సాఫీగా జారుతుంది. ఈ స్క్రూ అక్కడ ఉందని తెలియకుండానే ఇరవై ఏళ్లు కుట్టినవాళ్లు ఉన్నారంటే నమ్మండి. దారం నూలుది వద్దు. గుడ్డ సాగినప్పుడు నూలుదారం పుటుక్కున తెగుతుంది. పాలిస్టర్ దారం కాస్త ఓర్చుకుంటుంది.

అమ్మమ్మ నాటి కాలితో తొక్కే మిషనుకు తిన్నని కుట్టు ఒక్కటే వచ్చు. దాంతో దుప్పట్లు, సంచులు, దిండ్లు హాయిగా కుట్టుకోవచ్చు. టోపీ, చేతుల అంచు, మెడ లాంటి సాగాల్సిన చోట జిగ్‌జాగ్ ఉంటే మేలు. జిగ్‌జాగ్ మిషను ఇంట్లో లేదని ఆగిపోకండి. చీరలకు పీకో కొట్టేది ఆ మిషనే. అమలాపురం గడియార స్తంభం దగ్గర్నుంచి ఏ చిన్న ఊరి మ్యాచింగ్ సెంటరు దాకా పీకో బల్ల లేని చోటు లేదు. కుట్టు వెడల్పు తగ్గించి, పొడవు పెంచి వేయమనండి. మొదట చిన్న ముక్క మీద వేయించి, లాగి చూసి, ఆ తర్వాత అసలు గుడ్డ ఇవ్వండి.

గుండుసూదులు నూగులో మునిగి కనపడకుండా పోతాయి. కుట్టాక ఎవరి వీపులోనో తేలతాయి. వాటి బదులు దండెం మీద బట్టలకు పెట్టే చిన్న క్లిప్పులు పెట్టుకోండి. సుద్దగీత కూడా నూగు మీద నిలవదు. అరిగిపోయిన సబ్బుముక్కతో వెనకవైపు గీస్తే బాగా కనిపిస్తుంది.

ఏది మంచివైపు, ఏది వెనకవైపు? రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి ఇక్కడ చాలామంది బోల్తాపడతారు. కోసిన అంచును గుడ్డ ఎటు ఎక్కువ సాగుతుందో అటు పట్టి లాగండి. అంచు చుట్టుకుంటుంది. ఎటు చుట్టుకుంటే అది వెనకవైపు. ఇంకో పరీక్ష అరచేత్తో: ఒకవైపు నిమిరితే నూగు పడుకుంటుంది, ఎదురు నిమిరితే లేస్తుంది. ముక్కలన్నీ ఒకే దిశలో కోయాలి. లేదంటే ఒకే తానులోని గుడ్డే ముందు భాగం ఒక రంగు, వెనక భాగం ఇంకో రంగు అన్నట్టు కనిపిస్తుంది. వెలుగు పడే తీరులో తేడా అది.

కుట్టు అయ్యాక బాబిను డబ్బా తీసి చూడండి. మెత్తటి నూగు ముద్దలా పేరుకుని ఉంటుంది. పాత టూత్‌బ్రష్షుతో తుడిచి, ఒక చుక్క మిషను నూనె వేయండి. మన గాలిలో తేమ ఎక్కువ కదా, ఆ నూగు నాలుగు రోజులు అక్కడే ఉంటే తడి పట్టి కింద ఇనుము తుప్పెక్కుతుంది.

*

కొత్త ఫ్లీస్‌ను కుట్టేముందు తడపక్కర్లేదు, అది కుదించుకుపోదు. దానితో నూలు గుడ్డ జతచేస్తుంటే మాత్రం, బ్లౌజు లైనింగును తడిపినట్టే, ఆ నూలు గుడ్డను తడిపి ఆరబెట్టాకే కోయండి.

*

ఇస్త్రీపెట్టె దూరం పెట్టండి. పాలిస్టర్ కరిగేది 250 డిగ్రీలు దాటాకే. కానీ అంతకు చాలా ముందే నూగు అణిగిపోయి, పెట్టె ఆకారంలో మెరిసే మచ్చ పడుతుంది. ఆ మచ్చ జన్మలో పోదు. కుట్టు విప్పి అణచడానికి గోరు చాలు. తప్పనిసరైతే తడిగుడ్డ పైన వేసి, తక్కువ వేడి మీద ఆనించీ ఆనించనట్టు తీసేయాలి.

వేడి సంగతి వచ్చింది కాబట్టి భోగిమంట మాట. కోనసీమలో చలిబట్టలు బయటికొచ్చేది ఆ రోజుల్లోనే. తెల్లవారుజామున మంట చుట్టూ చేరిన పిల్లల్ని చూడండి, సగం మంది ఒంటి మీద ఫ్లీస్ జాకెట్లే. నూలుగుడ్డ మీద నిప్పురవ్వ పడితే కాలి బూడిదవుతుంది, దులిపేసుకోవచ్చు. పాలిస్టర్ కరిగి అంటుకుంటుంది. కరిగిన ఆ బొట్టు చర్మం మీద పడితే పుండు లోతుగా పడుతుంది. దీపావళికి కూడా ఇదే మాట. మంట దగ్గరకు వెళ్లేటప్పుడు నూలు శాలువానో లావుపాటి నూలు చొక్కానో వేయండి, జాకెట్టు తిరిగొచ్చాక వేసుకుంటారు.

రవ్వ పడి జాకెట్టు పాడైపోతే పారేయక్కర్లేదు. చిల్లు చుట్టూ గట్టిపడిన నల్లటి పూసలాంటి అంచు ఉంటుంది. దాన్ని చిన్న కత్తెరతో గుండ్రంగా కోసేయండి. వేరే రంగు ఫ్లీస్ ముక్కను నక్షత్రంగానో మామిడిపిందెగానో కోసి చిల్లు మీద పెట్టండి. అంచు మడవక్కర్లేదు కనుక ఏ ఆకారమైనా చెల్లుతుంది. చుట్టూ చేత్తో కాజా కుట్టు వేయండి. మోచేతి దగ్గర చిల్లు పడితే రెండో మోచేతికీ అదే ముక్క వేసేస్తే, కావాలనే పెట్టించుకున్నట్టుంటుంది.

*

ఏడాది నిండిన పిల్లకు టోపీ. తల చుట్టుకొలత ఈ వయసులో 45, 46 సెంటీమీటర్లు ఉంటుంది. టేపు పెట్టి కొలవండి, అంచనా వద్దు. అంతే వెడల్పు, 28 సెంటీమీటర్ల ఎత్తు ముక్క చాలు. గుడ్డ ఎక్కువ సాగే దిశ తల చుట్టూ రావాలి, ఎత్తులో కాదు. ఈ ఒక్కటీ తప్పితే టోపీ ఎక్కనే ఎక్కదు. పక్క కుట్టు వేసి గొట్టంలా చేయండి. పైన 8 సెంటీమీటర్లు పట్టీలుగా చీల్చి, వాటన్నిటినీ కలిపి ఇంకో పట్టీతో గట్టిగా కట్టి, రెండు కుట్లు కూడా వేయండి, పిల్ల లాగినా ఊడకుండా. కింద 5 సెంటీమీటర్లు పైకి మడిస్తే అంచు. మూడేళ్ల లోపు పిల్లల బొమ్మలకు, టోపీలకు గుండీ కళ్లు కుట్టకండి, నోట్లోకి పోతాయి. దారంతో కుట్టిన కళ్లే అందం, క్షేమం.

పసిబిడ్డ లంగోటీలోనూ ఫ్లీస్‌కు ఒక ఉపాయం ఉంది. పల్చటి ఫ్లీస్ పొర బిడ్డ చర్మానికి తగిలేలా, దాని వెనక పాత నూలు చీర పొరలు మూడు నాలుగు వేసి కుడితే, తడి ఫ్లీస్‌లోంచి జారి నూలులోకి దిగుతుంది. పై పొర చాలావరకు పొడిగానే ఉంటుంది. బొంతకీ ఇదే సూత్రం: కింద ఫ్లీస్, పైన అమ్మమ్మ చీర. ఫ్లీస్ మెత్తదనం ఇస్తుంది, నూలు చెమట పీలుస్తుంది. ఉత్త ఫ్లీస్‌లో చంటిబిడ్డను చుట్టబెట్టి పడుకోబెట్టడం మాత్రం మన వాతావరణానికి మంచిది కాదు. ఏడాది లోపు బిడ్డ పక్కలో వదులు దుప్పటి ఏదీ ఉండకూడదని పిల్లల డాక్టర్లు చెప్తారు.

*

ఉతకడం. చన్నీళ్లు, తక్కువ సబ్బు, లోపలివైపు పైకి తిప్పి. బట్టలు మెత్తబడటానికి వేసే కంఫర్టు లాంటివి వద్దు. అవి నూగును జిడ్డుగా చేసి అతికిస్తాయి. బండకేసి బాదితే ఉండలు కడుతుంది. వానాకాలంలో నూలు దుప్పటి మూడు రోజులు ఆరకుండా ముక్కవాసన కొట్టే మన కోనసీమలో ఇది వరండా దండెం మీద పూట తిరిగేసరికి ఆరిపోతుంది. ఉన్ని స్వెట్టరుకు పట్టే పురుగు దీనికి పట్టదు.

అయితే దీనికి ఒక మచ్చ ఉంది. పాలిస్టర్ బట్ట ఒకటి ఒక్క ఉతుకులో 1,900కు పైగా పీచు ముక్కలు నీళ్లలోకి వదలగలదని 2011లో వెలువడిన ఒక పరిశోధన లెక్కగట్టింది. కంటికి కనపడని ప్లాస్టిక్ అది. మన ఊళ్లలో ఆ నీళ్లు డ్రెయిన్‌లోకి, అక్కడి నుంచి రొయ్యల చెరువుల పక్కగా సముద్రంలోకి. తాగిపారేసిన ప్లాస్టిక్ సీసాలను కరిగించి 1993 నుంచే ఫ్లీస్ తయారుచేస్తున్నారు, అది మంచి పనే. సీసా జాకెట్టయినంత మాత్రాన ప్లాస్టిక్ కాకుండా పోదు. మురికైన చోట తడిగుడ్డతో తుడిచి, ఉతుకులు తగ్గించండి. ఉతికితే ఆ నీళ్లను కాలువ రేవులో కాకుండా ఒక పాత నూలుగుడ్డలోంచి వడకట్టి పారబోయండి. కొంతైనా ఆగుతుంది.

*

చివరగా, ఫ్లీస్‌కు మన గోదావరి ఇవ్వగలిగిన సొగసు ఒకటుంది. వసిష్ఠకు అవతల నరసాపురం, పాలకొల్లు, ఇవతల సఖినేటిపల్లి, రాజోలు వైపు వేలమంది ఆడవాళ్లు క్రోషా సూదితో లేసు అల్లుతారు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన విద్య. నరసాపురం క్రోషా లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఫ్లీస్ అంచు ఊడదు కాబట్టి దాని చుట్టూ అల్లిక పట్టించడం సులువు. అంచుకు అర అంగుళం లోపలగా, పావు అంగుళానికొకటి చొప్పున సన్నటి చిల్లులు పొడుచుకుంటూ వెళ్లాలి. మొన పదునైన క్రోషా సూదే గుడ్డలోంచి దారాన్ని లాక్కొస్తుంది. మొదట ఒక వరస గొలుసు, దాని మీద శంఖుల అల్లిక. దారం నూలుదైతే అల్లిక నిలబడుతుంది. మూడు వందల రూపాయల రగ్గు ఆ అంచుతో బారసాల కానుక అయిపోతుంది.

జర్మన్ సామాజికవేత్త మారియా మీస్ ఈ అల్లిక ఆడవాళ్ల మధ్య తిరిగి, 1982లో ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నరసాపూర్’ అనే పుస్తకం రాసింది. రోజంతా అల్లేవాళ్లను ‘తీరిక వేళ ఏదో అల్లుకునే గృహిణులు’ అని చూపించి, కూలి ఎంత అడుగంటా తగ్గించారో అందులో లెక్కలతో సహా ఉంది. రగ్గుకు అంచు వేయించుకోవాలనుకుంటే రేవు దాటి వెళ్లండి, మీ ఊళ్లోనే అల్లేవాళ్లుంటే మరీ మంచిది. మూరల లెక్కన బేరమాడకండి. ఎన్ని గంటలు పడుతుందో అడిగి, ఆ గంటలకు మీ ఊళ్లో ఒక మేస్త్రీకి ఎంత ఇస్తారో అంత ఇవ్వండి.